కృతజ్ఞతయు నిరంకుశత్వమును

విశాఖపట్టణమున నేడు ఉక్కునగరమని పిలువబడుచున్న ప్రదేశమున, బాలచెరువు చెంత, 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధిగారు ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. నాకప్పుడు పదునేడేండ్లు. మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని పోయి ఆ జనసమ్మర్దములో నిలువబెట్టిరి. నాకు దూరమునుండి కనబడినది చీరకొంగు మాత్రమే. అదియు ఒక్క క్షణము. అయినను ఇంటికి వచ్చుదారిలో మా తండ్రిగారు "ఆ తల్లి మాట నిలుపుకొన్నదిరా, ఈ ఋణమును మనము మరువరాదు" అని పలుమారు చెప్పిరి. ఆయన కన్నులు చెమ్మగిల్లియుండుట చూచితిని.

ఆ ఋణమను మాటనుగూర్చియే ఈ వ్యాసము.

కర్మాగారము మాకు ఋణముగా వచ్చినది కాదు. అంతకు కొన్నియేండ్లు మునుపు, 1966వ సంవత్సరమున, "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అను నినాదముతో ఆంధ్రదేశమంతయు కదలెను. శ్రీ అమృతరావుగారు మా పట్టణమున నిరాహారదీక్ష పూనిరి. శ్రీ తెన్నేటి విశ్వనాథముగారి వంటి పెద్దలు ముందు నడచిరి. శాసనసభ్యులు పలువురు పదవులను వదలుకొనిరి. నవంబరు 1వ తేదీన, రాష్ట్రావతరణ దినముననే, మా వీధులలో పోలీసులు తుపాకులు పేల్చిరి. ఆ యుద్యమమున రాష్ట్రమందంతటను కలిపి 32 మంది ప్రాణములు గోల్పోయిరి. 1970 ఏప్రిలు 17వ తేదీన పార్లమెంటులో వెలువడిన ప్రకటనకు వెనుక ఆ ప్రాణములున్నవి. అట్లయ్యును శంకుస్థాపననాడు మేము వేదికకు చేతులు జోడించితిమేగాని, చనిపోయినవారి యిండ్లకు పోయి పలుకరించితిమా? హక్కుగా నడిగినదానిని వరముగా పుచ్చుకొంటిమి.

"శంకుస్థాపనకును నిరంకుశత్వమునకును లంకె యేమి?" అని చదువరులు అడుగవచ్చును. ఒక జాతి తనకు రావలసినదానిని ఒక వ్యక్తి దయగా నెంచుట మొదలిడిన దినమున, ఆ వ్యక్తి తలచుకొన్నను తలచుకొనకున్నను, నియంత కూర్చుండుటకు కావలసిన పీట సిద్ధమైనదని నా యభిప్రాయము. పీట వేసిన చేతులు మనవి.

మన పురాణములలో ఒక వింత గలదు. ముల్లోకములను పీడించిన యసురులలో పేరుపొందినవారు బాహుబలముచేత మాత్రమే గద్దెనెక్కలేదు. తపస్సు చేసి, అడిగి, వరములు పొందిరి. హిరణ్యకశిపునకు బ్రహ్మ యిచ్చెను. భస్మాసురునకు శివుడిచ్చెను, ఇచ్చి పరుగెత్తెను. ఈ కాలపు నియంతలును ఈ మార్గమునే పట్టిరి. 1933 మార్చి 23వ తేదీన జర్మనుల శాసనసభ, 94 ఓట్లు ఎదురుగా పడగా 444 ఓట్లతో, తన శాసనాధికారమును హిట్లరు మంత్రివర్గమునకు ధారపోసెను. ఆనాడు కమ్యూనిస్టు సభ్యులు చెరసాలలలోనో అజ్ఞాతములోనో యుండిరి; సభాభవనమునందు హిట్లరు దళములు కాపుండెను; అయినను చేతులెత్తినవారు ఎన్నికైన సభ్యులే. పూర్వపు రాజ్యాంగమును రద్దు చేయవలసిన పనియే వానికి కలుగలేదు. ఇటలీలో 1923వ సంవత్సరమున, నాలుగవ వంతు ఓట్లకు మించి తెచ్చుకొని ముందున్న పక్షమునకు మూడింట రెండువంతుల స్థానములిచ్చు చట్టమును శాసనసభయే చేసి ముస్సోలినీకి సమర్పించెను. తలుపులు పగులగొట్టబడలేదు. లోపలివారే గడియ తీసిరి.

మన దేశపు సంగతికి వచ్చెదను. ఇందిరాగాంధిగారిని హిట్లరుతో పోల్చుట న్యాయము కాదు. ఆమె తానే ఎన్నికలు జరిపించి, ఓడి, గద్దె దిగిపోయెను. ఏ హిట్లరును అట్లు చేయలేదు. ఈ మాట చెప్పక ముందుకు పోవుట తగదు. కాని నిచ్చెన యొక్కటియే. ఆమె ఆ నిచ్చెనమీద కొన్ని మెట్లెక్కిన విధమును, ప్రతి మెట్టు కడను మన తెలుగువారు నిలిచియుండి చూచిన విధమును తలచుకొనినచో నాకు నేటికిని సిగ్గు కలుగుచున్నది.

మొదటి మెట్టు ఆమె పక్షములోనే యుండెను. 1969వ సంవత్సరమున రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అధికారికముగా నిలిపినవారు శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. ఆమె ప్రోద్బలమున గెలిచినవారు శ్రీ వి. వి. గిరిగారు. ఇద్దరును తెలుగువారే యగుటచే మా యరుగులమీద ఎవరు గొప్ప యను వాదమేగాని, ఒక పక్షము తన నిర్ణయమునకు తానే కట్టుబడకున్న యెడల రేపు దాని నాయకురాలిని నిలువరించువారెవ్వరను ప్రశ్న పుట్టలేదు. ఆ సంవత్సరమే పక్షము రెండుగా చీలెను. 1972 తరువాత ఆ పక్షములో సంస్థాగతమైన యెన్నికలే లేకపోయెను. మరల జరిగినది ఇరువదేండ్లకు, శ్రీ పి. వి. నరసింహారావుగారి కాలమున, తిరుపతి మహాసభ జరిగిన 1992 ప్రాంతముననే. ఇక ముఖ్యమంత్రుల మాట యేమి చెప్పుదును? శాసనసభ్యులు తమ నాయకుని తామెన్నుకొనుట మానిరి. ఢిల్లీనుండి పేరు వచ్చును. హైదరాబాదులో "ఏకగ్రీవముగా" ఎన్నుకొందురు. ఏకగ్రీవమను మాటకు ఒకే కంఠమని యర్థము. ఆ కంఠము ఎవరిదో యెల్లరకును తెలిసియే యుండెను.

రెండవ మెట్టు న్యాయస్థానము. 1973 ఏప్రిలు 24వ తేదీన కేశవానంద భారతి వ్యాజ్యమున సుప్రీముకోర్టు, రాజ్యాంగపు మౌలికస్వరూపమును మార్చుటకు పార్లమెంటునకు కూడ అధికారము లేదని తీర్పు చెప్పెను. వెంటనే, ఆ తీర్పున ప్రభుత్వమునకు ఎదురుగా నిలిచిన ముగ్గురు పెద్ద న్యాయమూర్తులను, షేలత్, హెగ్డే, గ్రోవరు గార్లను దాటవేసి, నాలుగవవారగు ఏ. ఎన్. రే గారిని ప్రధానన్యాయమూర్తిగా నియమించిరి. ముగ్గురును రాజీనామా లిచ్చిరి. తీర్పు తారుమారు చేయబడలేదు; తీర్పు చెప్పువారికి భయము నేర్పబడెను.

అటుపిమ్మట 1975. జూను 12న అలహాబాదు ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి జగమోహనలాల్ సిన్హాగారు ఆమె యెన్నిక చెల్లదనిరి. జూను 25వ తేదీ రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్‌గారు అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. ఆ రాత్రియే ఢిల్లీలో పత్రికాఫీసులున్న వీధికి విద్యుత్తు నిలిపివేయబడెను. ప్రతిపక్ష నాయకులు నిద్రలేపి కొనిపోబడిరి. మంత్రివర్గమునకు సంగతి తెలిసినది మరునాటి వేకువను. సంతకము ముందు, ఆలోచన తరువాత! ఆ మంత్రులలో ఒక్కరును కాదనలేదు. ప్రొద్దుటి రేడియోలో ప్రధానమంత్రి, భయపడవలసినది లేదని దేశమునకు చెప్పిరి. మా యింట ఆ మాట విని మా తండ్రిగారు కాఫీ త్రాగి కచ్చేరికి పోయిరి.

ఆ తరువాత సంగతులు వేగముగా నడచెను. ఆగస్టు 7న లోకసభ, ప్రధానమంత్రి యెన్నికను న్యాయస్థానములు విచారింపరాదను సవరణను ఆమోదించెను. రాష్ట్రముల శాసనసభలును తలయూపెను. 10వ తేదీకి అది రాజ్యాంగములో చేరెను. ఏలనన, 11వ తేదీన సుప్రీముకోర్టులో ఆమె వ్యాజ్యము విచారణకు రావలసియుండెను. లోకసభ తన యాయువును ఐదేండ్లనుండి ఆరేండ్లకు తానే పొడిగించుకొనెను. విచారణ లేక నిర్బంధింపబడినవారును, దేశరక్షణ నిబంధనలక్రింద పట్టుబడినవారును కలిసి లక్షకు మించిరని తరువాత షా విచారణసంఘము లెక్క కట్టెను.

వీనిలో నన్ను మిక్కిలి కలచివేయునది 1976 ఏప్రిలు 28వ తేదీ. నిర్బంధమునందున్నవాడు తన నిర్బంధము అక్రమమని న్యాయస్థానమున మొరపెట్టుకొనవచ్చునా యను ప్రశ్న సుప్రీముకోర్టు ముందుకు వచ్చెను. తొమ్మిది ఉన్నతన్యాయస్థానములు వచ్చుననియే చెప్పియుండెను. విచారణలో న్యాయమూర్తి హెచ్. ఆర్. ఖన్నాగారు ప్రభుత్వ న్యాయవాదిని, ఒక పోలీసు ఉద్యోగి సొంతపగతో ఒకని ప్రాణము తీసినను దిక్కు లేదా యని యడిగిరి. అత్యవసర పరిస్థితి ఉన్నంతవరకు లేదని ఆయన బదులు చెప్పెను. ఆ బదులు విని సభ కంపింపవలెను గదా! ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పిరి. కాదన్నవారు ఖన్నాగా రొక్కరే. తరువాతి జనవరిలో ప్రధానన్యాయమూర్తి పదవి ఆయనను దాటిపోయెను. ఆ కాలముననే నచ్చని న్యాయమూర్తులను దూరప్రాంతములకు బదిలీ చేసిరి. గుజరాతునుండి న్యాయమూర్తి షేఠ్‌గారిని మన ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమునకు పంపిరి. మన న్యాయస్థానము ఒకరికి శిక్షాస్థలముగా ఉపయోగపడినందుకు మనము గర్వింపవలెనో చింతింపవలెనో నాకు తెలియదు.

ఇంతవరకు చెప్పినది చరిత్ర. దానిని గ్రంథములలో ఎవరైనను చదువుకొనవచ్చును. ఇక నేను చెప్పదలచినది మా వీధి సంగతి.

మా యింటికి మూడిండ్ల యవతల ఒక గుమాస్తా కాపురముండెను. కార్మికసంఘములో తిరుగువాడు, పెద్దగా మాట్లాడువాడు, చీట్లపేక యాడువాడు. 1975 జూలైలో ఒక రాత్రి ఆయనను తీసికొనిపోయిరి. ఎక్కడికో చెప్పలేదు. మూడవనాడు ఆయన భార్య చంటిబిడ్డ నెత్తుకొని మా గుమ్మమున నిలిచి, మా తండ్రిగారితో, "అన్నయ్యగారూ, మీరొక్కసారి నా వెంట కలెక్టరుగారి కచ్చేరికి వచ్చిన చాలును. ఆడుదానినని నన్ను లోనికి పోనిచ్చుటలేదు. ఎక్కడ నుంచిరో తెలిసికొందును" అనెను. మా తండ్రిగారు కొంతసేపు నేలచూపు చూచి, "తప్పు చేయనివానిని వారేల యుంచుకొందురమ్మా! నాలుగుదినములలో వదలివేయుదురు" అనిరి. మా అమ్మ లోపలినుండి చేటలో బియ్యము తెచ్చి ఆమె కొంగున పోసెను. నేను పుస్తకము చేతబట్టుకొని అరుగుమీదనే యుంటిని. నాకప్పటికి ఇరువదియొక్క యేడు. నేను పోవచ్చును. పోలేదు.

ఆయన పందొమ్మిది నెలలకు తిరిగి వచ్చెను.

మా తండ్రిగారు క్రూరులు కారు, లంచమెరుగరు, పొరుగువాని పొలిమేరలో పుల్ల తీసినవారు కారు. ఆ పందొమ్మిది నెలలును ఆయన, రైళ్లు వేళకు వచ్చుచున్నవనియు, ఉద్యోగులు పదిగంటలకు బల్లలకడ నుండుచున్నారనియు, సమ్మెలు లేవనియు సంతోషపడుచుండిరి. అవి యన్నియు నిజమే. 1969లో ఒకమారు, 1972-73లో మరియొకమారు మన రాష్ట్రము ఉద్యమములతో అట్టుడికినట్లుడికినది; ఇల్లు గడుపుకొనువానికి నెమ్మది కావలసియుండెను. ఆ నెమ్మది దొరకినది. కర్మాగార మిచ్చిన తల్లియే నెమ్మదియు నిచ్చెను. ఇచ్చినవారిని లెక్క యడుగుట కృతఘ్నత యని ఆయన తలచిరి. డాక్టరు అంబేద్కరుగారు 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చేసిన యుపన్యాసమున దీనినే హెచ్చరించిరి; మతమునందు భక్తి మోక్షమునకు త్రోవ కావచ్చునుగాని, రాజకీయములందు అది పతనమునకును నియంతృత్వమునకును త్రోవయని ఆయన భావము. ఆ యుపన్యాసమును చదివినవారు మా యింట లేకపోలేదు. మా తండ్రిగారికి అంబేద్కరుగారియందు గౌరవముండెను. గౌరవము వేరు, అలవాటు వేరు.

అలవాటెక్కడిది? ఈ ప్రశ్నకు నేను చాలకాలము ఢిల్లీవైపు చూచితిని. ఇప్పుడు మా వంటయింటివైపు చూచుచున్నాను. మా యింట జీతపు డబ్బు మా తండ్రిగారి పెట్టెలో నుండెడిది. మా అమ్మ పసుపుకుంకుమల ఖర్చునకు కూడ అడుగవలెను. ఆయన ఎన్నడును లేదనలేదు, కనుక ఆయన మంచివారని వీధియంతయు చెప్పుకొనెడివారు. మా అక్కను స్కూలు ఫైనలు వరకు చదివించిరి. అదియు దయయే, అక్క దానిని నేటికిని దయగానే చెప్పుకొనును. మంచి యజమాని చేతిలో నున్నవారికి హక్కుతో పనియేమి యని మేమందరము నమ్మియుంటిమి. ఇట్టి యింట పెరిగినవానికి ఇట్టి రాజ్యము వింతగా తోచునా? "మీరు మాట్లాడవద్దన్న తరువాత నేనేమి మాట్లాడుదును?" అని మా అమ్మ ఎన్నిమారులో యనగా విన్నాను. 1975లో దేశమున మంత్రులును, శాసనసభ్యులును, నలుగురు న్యాయమూర్తులును అన్నమాట ఇంతకన్న వేరా?

1977 మార్చిలో ఎన్నికలు జరిగెను. ఉత్తరదేశమున కాంగ్రెసు కొట్టుకొనిపోయెను; ఉత్తరప్రదేశమున 85 స్థానములలో ఒక్కటియు దక్కలేదు, ప్రధానమంత్రి స్థానముతో సహా. మన రాష్ట్రమునందో, 42 స్థానములలో 41 ఆ పక్షమునకే యిచ్చితిమి. మిగిలిన యొక్క నంద్యాలలో గెలిచినవారు, 1969లో ఓడింపబడిన సంజీవరెడ్డిగారే; కొలదినెలలకే ఆయన రాష్ట్రపతి యైరి.

ఆ 41 స్థానములకు మనవారు చెప్పుకొను సమాధానములు నాకు తెలియును. ఒక్క 1976-77 సంవత్సరముననే దేశమున 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను. అందలి బలవంతపు టత్యాచారము ఉత్తరమున పడినట్లు మనపై పడలేదు. పత్రికలకు నోరు కట్టివేయబడుటచే సంగతులు తెలియలేదు. పేదలకు కొంత భూమియు, ఇండ్ల స్థలములును దొరకెను. ఇవి యన్నియు కొంతవరకు నిజములే. హైదరాబాదులో 1975 డిసెంబరు 1వ తేదీన భూమయ్య, కిష్టాగౌడులను ఉరితీసినప్పుడు గూడ అది అడవిపక్కవారి గొడవ యని పట్టణపు గృహస్థులు పుట తిప్పిరి. కాని తెలియలేదను సమాధానము నాకు చెల్లదు. మూడిండ్ల యవతల తలుపు నేను ప్రతిదినమును చూచితిని. ఆ మార్చిలో నేను మొదటిమారు ఓటు వేసితిని. ఆవు-దూడ గుర్తుపై వేసితిని. మా తండ్రిగారు చెప్పిరని వేయలేదు. ఆ చీరకొంగు తలపునకు వచ్చినది, వేసితిని.

ఏడేండ్ల తరువాత, 1984 ఆగస్టు 16వ తేదీన, గవర్నరు రాంలాల్‌గారు శ్రీ నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వమును తొలగించి, శ్రీ నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిని చేసిరి. రామారావుగారు గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని అప్పుడే విదేశమునుండి తిరిగి వచ్చియుండిరి. అప్పుడు తెలుగునేల యంతయు భగ్గుమనెను. సరిగా నెల తిరుగునప్పటికి, సెప్టెంబరు 16న, ఆయనను మరల గద్దెపై కూర్చుండబెట్టవలసి వచ్చెను. మా పట్టణమున ఊరేగింపులో నేనును నడచితిని. సముద్రపు గాలిలో గొంతు బొంగురు పోవునట్లు అరచితిని. నా ప్రక్కన నడచుచున్నవాడు మా వీధి గుమాస్తాయే. నెరసిన తల, చేతిలో చెప్పులు. నేనేదో యాడబోగా ఆయన, "బాబూ, ఎండగా నున్నది, నీడకు నడువుము" అనెను. 1975 మాట ఆయన ఎత్తలేదు. అందుచేతనే నాకు తోచినది: ఆనాటి ఊరేగింపులో మేము కాపాడబూనినది మా సొంత వేలుపు గద్దెను, 1975లో పోయినది ఒక గుమాస్తా స్వేచ్ఛ. గద్దెకొరకు వేలమంది నడచితిమి. గుమాస్తాకొరకు కలెక్టరు కచ్చేరి దాక, మైలు దూరమైన, ఒక్కరును నడువలేదు.

చట్టము తన తప్పు దిద్దుకొనినది. 1978వ సంవత్సరపు 44వ సవరణచే, మంత్రివర్గపు నిర్ణయము లిఖితముగా నున్నగాని రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటింపరాదనియు, అది యున్నను ప్రాణస్వాతంత్ర్యములు కోర్టుకెక్కు హక్కును తీసివేయరాదనియు ఏర్పడెను. 1976 నాటి ఆ తీర్పును 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టే తప్పని కొట్టివేసెను. అట్లు వ్రాసిన న్యాయమూర్తి, ఆనాటి నలుగురిలో నొకరి కుమారుడు. తండ్రి తప్పును కొడుకు బహిరంగముగా దిద్దుట మన దేశమున చిన్న సంగతి కాదు. మా యింట ఆ ధైర్యము నాకు లేకపోయెను. మా తండ్రిగారు పోవువరకు ఆ గుమ్మపు సంగతి నే నెత్తలేదు.

ఆయన పోయిన కొన్నియేండ్లకు, ఒక యెన్నిక దినమున, మా అమ్మను చేయిపట్టుకొని పోలింగు స్థలమునకు తీసికొనిపోయి తిరిగి వచ్చుచుండగా, మాటలలో 1977 ఎన్నిక ప్రస్తావనకు వచ్చినది. నేను ఆవు-దూడకు వేసితినని చెప్పుకొంటిని. ఆమె నవ్వి, "నేను నాగలి పట్టినవానికి వేసితినిరా" అనెను. నేను నిలిచిపోయితిని. అది జనతాపక్షము వారి గుర్తు.

"నాన్నగారు అడుగలేదా?"

"అడుగకేమి! ఇంటికి రాగానే అడిగిరి."

"ఏమంటివి?"

"ఆవు-దూడ యంటిని" అని, కొంగుతో నుదుటి చెమట తుడుచుకొని, ఎండ హెచ్చకముందే యిల్లు చేరుదమని ముందు నడచెను.